ఒత్తిడి కారకురాలు సూరమ్మ

రాష్ట్ర గోనెసంచుల పర్యవేక్షణ మండలి వార్షిక సమావేశంలో అధ్యక్షులవారు కూర్చోగానే కుర్చీ విరిగింది. అధ్యక్షులవారి బరువు యాభై మూడు కిలోలు. కుర్చీలు సరఫరా చేసింది వారి బావమరిది. అందుచేత తప్పు ఈ రెండు వైపులా లేదని విచారణ సంఘం పది నిమిషాల్లో తేల్చేసింది. ఇక మిగిలింది సిబ్బంది. ఏళ్ళ తరబడి వాళ్ళు ఆ కుర్చీల్లో కూర్చుని కూర్చుని వాటిని లోలోపల కుంగదీశారని, అధ్యక్షులవారు కేవలం చివరగా కూర్చున్న వ్యక్తి అని సంఘం నివేదిక ఇచ్చింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "మండలి సిబ్బంది యావన్మందీ ఆరు మాసముల లోపల తమ తమ దేహభారములో పదిశాతమునకు తగ్గకుండా తగ్గవలెను. తగ్గనివారి పదోన్నతులు పరిశీలించబడవు." తగ్గకుండా తగ్గడం ఎలాగో అర్థం చేసుకోవడానికి రామచంద్రపురం శాఖకు రెండు రోజులు పట్టింది.

ఆ శాఖలో భీమశంకరం సీనియర్ అసిస్టెంటు. యాభై రెండేళ్ళవాడు. సూపరింటెండెంటు పదవికి అతని ఫైలు కాకినాడ ప్రాంతీయ కార్యాలయంలో మూడేళ్ళుగా ఉంది. ఉత్తర్వు చూసి మిగతావాళ్ళు గాబరాపడ్డారు గానీ అతను సంతోషించాడు. ఎందుకంటే అప్పటికే మూడు నెలలుగా అతను తగ్గుతున్నాడు. షుగర్ గడప దాకా వచ్చి తలుపు కొడుతోందని డాక్టరు చెప్పినప్పటి నుంచి భార్య హైమావతితో కలిసి రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచేవాడు. తొంభై ఎనిమిది నుంచి తొంభై నాలుగుకు వచ్చాడు.

తూకం రోజున కాకినాడ నుంచి ఆరోగ్య ప్రత్యేకాధికారి చిదానందంగారు వచ్చారు. వారి బరువు నూట పన్నెండు కిలోలు. అమలు చేసే అధికారికే నియమం వర్తిస్తే పక్షపాతానికి తావిచ్చినట్లవుతుంది గనక వారికి మినహాయింపు ఉంది. శాఖలో బస్తాల కాటా తప్ప వేరే తూకం లేదు. సిబ్బందిని ఒక్కొక్కరినీ దాని మీద నిలబెట్టారు. అటెండరు గంగులు అలవాటు కొద్దీ మనిషికో కిలో గోనె తరుగు తీసేశాడు. బస్తాలో గుచ్చి గింజలు లాగే ఇనుప గొట్టం కూడా చేతిలోకి తీసుకున్నాడు గానీ, హెడ్ గుమస్తా గట్టిగా దగ్గడంతో మళ్ళీ గోడకి తగిలించాడు.

తన వంతు వచ్చేసరికి భీమశంకరం ఉత్సాహం పట్టలేక, "నేను ఇప్పటికే నాలుగు కిలోలు తగ్గానండి" అన్నాడు.

చిదానందంగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తగ్గారా? ఎవరి అనుమతితో?"

"అనుమతంటే... డాక్టరుగారు చెప్పారండి."

"ఎక్కడ తగ్గారు?"

"కాలవ గట్టు మీదండి."

"చూడండి భీమశంకరంగారూ, పథకం ప్రారంభం కాకమునుపు తగ్గిన బరువు పథకం ఘనతలోకి రాదు. పైగా కాలవ గట్టు నీటిపారుదలవారి పరిధిలోనిది. ఒక శాఖ ఉద్యోగి ఇంకో శాఖ పరిధిలో తగ్గడం సమన్వయలోపం అవుతుంది. ఇకమీదట గుర్తింపు పొందిన నడక మాత్రమే నడవండి."

గుర్తింపు పొందిన నడక ఆఫీసు వరండాలో ఉదయం ఆరు నుంచి ఏడు దాకా. వరండా పొడవు ఇరవై రెండు అడుగులు. ఆ చివర ఒక రిజిస్టరు, ఈ చివర ఒక రిజిస్టరు. చివరికి చేరినప్పుడల్లా వేళ వేసి సంతకం పెట్టాలి. ఒక్కటే కలం. దాంతో గంటలో నడక ఆరు నిమిషాలు, క్యూలో నిలబడడం యాభై నాలుగు నిమిషాలు అయ్యేది.

మొదటి రోజు హైమావతి కూడా చెప్పులేసుకుని వచ్చింది. గంగులు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, బయటివాళ్ళు నడవకూడదంటండి. ఆయ్. కావాలంటే కూర్చోవచ్చంటండి."

ఆమె నవ్వి వెనక్కి వెళ్ళిపోయింది. భీమశంకరానికి మాత్రం నవ్వు రాలేదు. కాలవ గట్టు మీద అతనికి దొరికేది నడక ఒక్కటే కాదు మరి.

అతని ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. ఒకరు తల్లి సూరమ్మ. ఇంకొకరు అత్తగారు నూకరత్నం. ఆవిడ ఆరేళ్ళ క్రితం కంటి ఆపరేషనుకి పది రోజులని వచ్చి, కన్ను బాగయ్యాక ఇల్లు బాగా కనబడి ఉండిపోయింది. ఇద్దరూ మంచివాళ్ళే. వంటింట్లో పొయ్యి మాత్రం ఒక్కటే. సూరమ్మ గుత్తివంకాయ చేస్తే నూకరత్నం కొబ్బరికోరు వేసి బీరకాయ చేసేది. సూరమ్మ పులుసు పెడితే నూకరత్నం చారు పెట్టేది. భోజనాల దగ్గర ఇద్దరూ చెరోవైపు నిలబడి భీమశంకరం మొహం చూసేవారు. ముందు ఏది కలుపుతాడు, దేనికి మారు అడుగుతాడు అని. అతను ఓ వాయి అమ్మ కూరతో, ఓ వాయి అత్తగారి కూరతో తిని, ఎవరికీ అన్యాయం జరక్కుండా మూడో వాయి రెండూ కలుపుకుని తినేవాడు. ఆ ఇంటి శాంతి అంతా అతని పొట్ట మీద నిలబడి ఉండేది. తెల్లారి గట్టు మీద అదంతా భార్యతో చెప్పుకుంటే, ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అతనికి గుండె తేలికయ్యేది.

ఇప్పుడు ఆ గంట పోయింది. మధ్యాహ్నం బజ్జీల బండి దగ్గర ఆగడం మొదలైంది. నెల తిరిగేసరికి కాటా మీద తొంభై ఏడు చూపించింది, గోనె తరుగు పోను.

తాఖీదు వచ్చింది. దాంతోపాటు ఏడో నంబరు ఫారం వచ్చింది. పేరు, 'ఒత్తిడి కారకుల ప్రకటన.' నిపుణుల అభిప్రాయం ప్రకారం గుర్తింపు పొందిన నడక నడిచిన తరువాత కూడా పెరిగే బరువు కుటుంబ ఒత్తిడి వల్లనే పెరుగును గనక, సదరు ఒత్తిడిని కలుగజేయు వ్యక్తి పేరు తెలుపవలెనని అందులో ఉంది. గడి ఒక్కటే.

భీమశంకరం ఆ గడిలో 'ఎవరూ లేరు' అని రాసి పంపాడు. చిదానందంగారి నుంచి ఫోను వచ్చింది.

"ఎవరూ లేకుండా మూడు కిలోలు ఎలా పెరుగుతారండీ? కారకుడు లేని పెరుగుదలను నిబంధనలు ఉద్దేశపూర్వక స్థూలకాయం అంటాయి. అది క్రమశిక్షణ కిందికొస్తుంది. మీ పదోన్నతి ఫైలు నా బల్ల మీదే ఉంది, ఆలోచించుకోండి."

అతను ఆలోచించుకుని 'వంటగది' అని రాశాడు. అదీ తిరిగొచ్చింది. వంటగదికి నోటీసు అందుకునే చెయ్యి లేదని, సంతకం పెట్టగల వ్యక్తిని చూపించమని పక్కన ఎర్రసిరాతో రాసి ఉంది.

ఆ సాయంత్రం అతను ఫారం పట్టుకుని పెరట్లో బట్టలు తీస్తున్న హైమావతి దగ్గరికి వెళ్ళాడు.

"నా పేరు రాసేయండి, గొడవ వదిలిపోతుంది" అంది ఆవిడ.

"నీ పేరు రాస్తే అబద్ధమవుతుందే."

"మా అమ్మ పేరు రాయండి."

"ఆవిడ పెట్టె సర్దుకుంటుంది. నువ్వు ఏడుస్తావు." కాసేపు తాడుకున్న క్లిప్పులు లెక్కపెట్టాడు. "మా అమ్మ పేరు రాస్తాను. కన్నతల్లి కదా, క్షమిస్తుంది."

"క్షమిస్తారు. ముందు వీధంతా చెప్పి, తర్వాత క్షమిస్తారు" అంది హైమావతి.

నోటీసు రిజిస్టరు పోస్టులో సూరమ్మ పేరుమీదే వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ జీవితంలో ఆవిడ పేరుమీద వచ్చిన మొదటి రిజిస్టరు ఉత్తరం అది. వేలిముద్ర వేసి తీసుకుని, పసుపు చేతులు కడుక్కుని వచ్చి కోడలి చేత చదివించుకుంది.

"శ్రీమతి సూరమ్మగారికి తెలియజేయునది ఏమనగా, మీరు మండలి ఉద్యోగి యొక్క ఒత్తిడి కారకురాలిగా గుర్తించబడినారు..."

"అంటే ఏంటే?"

"మీవల్ల ఆయనకి బెంగ పట్టుకుని లావైపోతున్నారంట అత్తయ్యా."

సూరమ్మ అరగంట ఏడ్చింది. తర్వాత వీధి అరుగు మీద కూర్చుని, "నవమాసాలూ మోశాను, ఇప్పుడు ఆడి బరువుకి నేను జవాబు చెప్పాలంట" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. అయితే దీపాలు పెట్టేవేళకి ఇంట్లో అసలు గొడవ ఇంకోవైపు నుంచి మొదలైంది. నూకరత్నం భోజనానికి లేవలేదు.

"ఏమైందమ్మా?" అని హైమావతి అడిగింది.

"ఏమవుద్ది? గవర్నమెంటువాళ్ళు కూడా ఆవిడ పేరే రాశారు. ఆరేళ్ళ నుంచి తెల్లారగట్ల లేచి వండి పెడతన్నానే! అల్లుడుగారి ఒంట్లో నా బీరకాయ లేదా? నా అరిసెలు లేవా? ఈ ఇంట్లో నేనున్నట్టా, లేనట్టా?"

మర్నాడు ఆవిడ పక్కవీధి ప్లీడరు గుమస్తా చేత అభ్యంతర పత్రం రాయించి మండలికి పంపింది. అల్లుడి బరువులో కనీసం సగానికి తాను కారకురాలినని, తన పాత్రను విస్మరించడం అన్యాయమని అందులో ఉంది. మండలి ఆ అభ్యంతరాన్ని ఆమోదించి ఆవిడను ఉప కారకురాలిగా చేర్చుకుంది. హైమావతిని సాక్షిగా వేసింది. విచారణకు నలుగురూ కాకినాడ రావాలని ఆదేశించింది.

ప్రాంతీయ కార్యాలయం బస్టాండుకి రెండు కిలోమీటర్ల దూరం. దారి పొడవునా కాలవ తవ్వి వదిలేశారు గనక ఆటోలు వెళ్ళవు. విచారణ గది మూడో అంతస్తులో. లిఫ్టుకి 'మరమ్మతులో ఉన్నది' అన్న బోర్డు వేలాడుతోంది, ఆ బోర్డు మీద ఉన్న దుమ్ము చూస్తే మరమ్మతు చేసేవాడు లోపలే ఉండిపోయాడేమో అనిపిస్తుంది.

మొదటిసారి సూరమ్మ, నూకరత్నం ఎడమొహం పెడమొహంగా మెట్లెక్కారు. రెండో అంతస్తు దగ్గర సూరమ్మకి ఆయాసం వచ్చి నిలబడిపోయింది. నూకరత్నం రెండు మెట్లు ముందుకెళ్ళి, వెనక్కి చూసి, దిగొచ్చింది.

"చెయ్యి ఇయ్యండి వదినగారూ. పడితే అదీ నామీదే రాస్తారు ఈళ్ళు."

పైన గది ముందు బల్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీశారో లేదో గుమస్తా ఒకడు పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడ తినకూడదు! ఆరోగ్య పథకం అమల్లో ఉన్న భవనం!" డబ్బా మూసేశారు. మధ్యాహ్నం రెండింటికి పిలుపు వచ్చింది. చిదానందంగారు కాగితాలు తిరగేసి, ఒత్తిడిని కొలిచే ప్రమాణం ఇంకా రాజధాని నుంచి రానందున వాయిదా వేస్తున్నామన్నారు.

తరువాతి వాయిదాకి ప్రమాణం వచ్చింది గానీ ఇంగ్లీషులో ఉంది. ఆ తరువాత తెలుగు చేసేవాడు సెలవులో ఉన్నాడు. ఒకసారి ముద్ర కనబడలేదు. ఇంకోసారి చిదానందంగారికి మెట్లెక్కడం వల్ల ఒంట్లో బాగాలేదు. ఇలా నాలుగు నెలల్లో పద్నాలుగు వాయిదాలు పడ్డాయి.

ఇంట్లో సంగతులు మాత్రం వాయిదా పడలేదు. వాయిదా రోజున రానూపోనూ నాలుగు కిలోమీటర్లు నడిచి, మెట్లెక్కి దిగి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇద్దరు పెద్దవాళ్ళకీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండేది కాదు. హైమావతి పెసరకట్టు, ఓ ఆకుకూర చేసేది. నలుగురూ అదే తినేవారు. నడవకపోతే కాళ్ళు పట్టేస్తాయేమోనని వాయిదాలు లేని రోజుల్లో కూడా వియ్యపురాళ్ళిద్దరూ సాయంత్రం వీధి చివరి దాకా నడవడం మొదలుపెట్టారు. నడుస్తున్నంతసేపూ మాట్లాడుకోవడానికి వాళ్ళకి ఇప్పుడు ఒక ఉమ్మడి విషయం దొరికింది. ఆ గుమస్తా.

"ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోనియ్యలేదు చూడండి వదినగారూ!"

"ఆడి మొహం మండా. వచ్చేవారం మజ్జిగ సీసాలో పోసి తీసుకెళ్దాం. మందని చెప్పేద్దాం."

ఎవరి కూర ముందు కలిపాడన్న సంగతి అడిగేవాళ్ళు లేక భీమశంకరం ఒక్క కూరతో తిని లేచిపోతున్నాడు. బజ్జీల బండివాడు అతని ఒంట్లో బాగుందా అని గంగుల్ని అడిగాడట. ఎవరూ గమనించకుండానే అతను ఎనభై ఎనిమిదికి వచ్చాడు.

పదిహేనో వాయిదా రోజున చిదానందంగారు నిజంగానే విచారణ ప్రారంభించారు. ముందు సూరమ్మని పిలిచారు.

"మీ కుమారుడికి మీరు ఒత్తిడి కలిగించినది వాస్తవమేనా?"

"నేనేనండి, నేనే. ఆవిడదేం లేదండి" అంది సూరమ్మ, వియ్యపురాలి వైపు చెయ్యి చూపించి. "ఆవిడ బీరకాయ చాలా తేలికండి. ఒంటికి పట్టదు."

"అన్యాయం!" అని నూకరత్నం లేచింది. "వదినగారు నూనె చుక్కలు లెక్కెట్టి వేస్తారండి. తప్పేదైనా ఉంటే నాది. కొబ్బరికాయలు నావి."

"ఎవరో ఒకరే మాట్లాడండి!"

ఎవరూ ఒకరే మాట్లాడలేదు. పావుగంట తరువాత చిదానందంగారు చెమట తుడుచుకుని తీర్పు చెప్పారు. కారకులిద్దరూ పరస్పరం ఒకరినొకరు నిర్దోషులుగా నిరూపించుకున్నందున ఒత్తిడి అనేదే లేదని తేలింది. అందుచేత ఉద్యోగి ఇచ్చిన ప్రకటన అబద్ధం. తొమ్మిది కిలోలు తగ్గడం వాస్తవమే గానీ, అది గుర్తింపు లేని మెట్ల మీద తగ్గినది గనక చెల్లదు. తప్పుడు ప్రకటనకు భీమశంకరం మీద చర్య తీసుకోబడును.

భీమశంకరం బల్ల వైపు చూశాడు. అతని పదోన్నతి ఫైలు బల్ల చివర పడి ఉంది. దాని మీద చిదానందంగారి గ్లాసు ఉంది.

అప్పుడు హైమావతి లేచింది. పద్నాలుగు వాయిదాల్లో సాక్షిని ఎవరూ ఒక్క ముక్క అడగలేదు.

"అయ్యా, నాకు ఒక ఏడో నంబరు ఫారం ఇప్పిస్తారా?"

"మీకెందుకమ్మా?"

"ఉద్యోగి గానీ కుటుంబ సభ్యులు గానీ ఇవ్వవచ్చని కిందనే రాసి ఉందండి. చిన్న అక్షరాల్లో."

చిదానందంగారు చిన్న అక్షరాలు చదువుకున్నారు. ఉంది. ఫారం ఇచ్చారు. ఆవిడ అక్కడే కిటికీలో పెట్టుకుని నింపింది. ఒత్తిడి కారకుల పేరు అన్నచోట 'రాష్ట్ర గోనెసంచుల పర్యవేక్షణ మండలి' అని గుండ్రంగా రాసింది.

"ఇది కుదరదమ్మా."

"ఎందుకు కుదరదండీ? కింద కాగితాలు తీసుకునే విభాగం ఉంది. నోటీసు ఇస్తే అందుకుంటారు. ముద్ర కూడా వేస్తారు."

చిదానందంగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. వారు నిజాయితీపరులు. నిబంధనలో దారి కనబడితే అది ఎక్కడికి పోతుందో చూడకుండా నడిచే మనిషి. పుస్తకం మూసి, గంభీరంగా, "మండలి మీద ఫిర్యాదును స్వీకరించడమైనది. ఇది తేలేదాకా ఉద్యోగి మీద చర్య నిలుపుదల" అన్నారు.

అక్కణ్ణుంచి వారి కష్టాలు మొదలయ్యాయి. నోటీసు ఇవ్వవలసిన అధికారి వారే. మండలి తరఫున అందుకోవలసిన ప్రతినిధి కూడా, ఆరోగ్య విషయాలకు, వారే. మూడో అంతస్తులో నోటీసు మీద సంతకం పెట్టి, కిందికి దిగి కాగితాల విభాగంలో దాన్ని అందుకుని, అక్కడే జవాబు రాసి, పైకెక్కి ఆ జవాబును స్వీకరించేవారు. జవాబు సంతృప్తికరంగా లేకపోతే మళ్ళీ నోటీసు. రెండుసార్లు తమకు తామే గడువిచ్చుకున్నారు. మూడోసారి గడువు కోరినప్పుడు మాత్రం కోపం వచ్చి తిరస్కరించారు. కిందికి దిగొచ్చి గుమస్తాలతో, "పైన అధికారి ఒప్పుకోవడం లేదయ్యా, చాలా కఠినుడు" అన్నారట. రెండు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు.

చివరికి తీర్పు వచ్చింది. ఉద్యోగి కుటుంబానికి ఒత్తిడి కలిగించినది మండలియే. నిబంధన అందరికీ సమానం గనక మండలి కూడా తన భారంలో పదిశాతం తగ్గవలెను.

మండలి భారమంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. భవనాన్ని కాటా మీదికి ఎక్కించలేరు. సిబ్బందిని ఇదివరకే తూచారు. మిగిలినవి ఫైళ్ళు. వాటిని గోనెల్లో కట్టి మూడు రోజులు తూచారు. పదిశాతం తీసేయాలి గనక అన్నిటికంటే బరువైనవి ముందు తీశారు. అన్నిటికంటే బరువైనవి ఆరోగ్య పథకం ఫైళ్ళు. భీమశంకరం విచారణ కట్ట ఒక్కటే పంతొమ్మిది కిలోలు తూగింది. అన్నీ పాతకాగితాలవాడి లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. పథకం ఉత్తర్వు అసలు ప్రతి, రెండు వరండా రిజిస్టర్లు, భీమశంకరం మీద చర్యకు సంబంధించిన పత్రాలు, అన్నీ అందులోనే పోయాయి. ఉత్తర్వు లేదు గనక పథకం లేదు. పథకం లేదు గనక ఎవరూ దాన్ని రద్దు చేయవలసిన అవసరం కూడా రాలేదు.

పదోన్నతి ఫైలు మాత్రం మిగిలింది. మూడేళ్ళుగా దాని మీద ఎవరూ ఒక్క అక్షరం రాయకపోవడం వల్ల అది ఎంత పల్చగా ఉందంటే, కాటా ముల్లు కదల్లేదు. తూకానికి రాని వస్తువని మళ్ళీ చిదానందంగారి బల్ల మీద పడేశారు. ఖాళీ బల్ల మీద అదొక్కటే ఉండేసరికి వారికి ఏం చేయాలో తోచక సంతకం పెట్టేశారు.

సూపరింటెండెంటు అయిన రోజు సాయంత్రం భీమశంకరం స్వీట్లు లేకుండా, పూలు మాత్రం పట్టుకుని ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర అతని ముందు రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకదాంట్లో సూరమ్మ చేసిన సేమ్యా పాయసం. ఇంకొకదాంట్లో నూకరత్నం చేసిన పూర్ణాలు. ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు. హైమావతి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

భీమశంకరం పాయసం ఒక చెంచా తిన్నాడు. పూర్ణం సగం తుంచి తిన్నాడు. తరువాత రెండు గిన్నెలూ నెమ్మదిగా పక్కకు జరిపాడు.

"రెండూ బాగున్నాయి. నాకు చాలు" అన్నాడు.

పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో హైమావతి అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అతనికే తన గొంతు ఎవరిదోలా వినిపించింది. ఎవరూ ఏడవలేదు. ఎవరూ పెట్టె సర్దలేదు. అతను లేచి చెయ్యి కడుక్కుంటుంటే వెనక నుంచి తల్లి గొంతు వినబడింది.

"చూశారా వదినగారూ? చాలంట. కడుపుకి తినకుండా మనకి ఎంత బెంగ పెడతన్నాడో."

"అదేనండి చూస్తన్నాను" అంది నూకరత్నం. "అమ్మాయీ, ఆ కాకినాడ ఫారం ఇంకోటి ఎక్కడన్నా దొరుకుద్దేమో చూడవే. ఈసారి అల్లుడుగారి మీద మనం పెడదాం."